మందు కలదు, మార్గ మెక్కడ?

కణితిని పెంచు జన్యువు నోరు మూయించు విద్య మానవునికి అలవడి రెండు దశాబ్దములు దాటినది. ఆ మందును కణితి గుమ్మము వఱకు మోసికొని పోగల నానో వాహనమే నేటి అన్వేషణము. ఆ అన్వేషణమున తెలుగునేల పాలు తక్కువది కాదు.

నల్లమల కొండలకు ఆవలి వైపున శ్రీశైల జలాశయమున కృష్ణమ్మ నిండుగా నిలిచియుండ, ఈవలి వైపున పెద్దారవీడు, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల రైతు వందల అడుగుల లోతునకు బోరు దింపి, పైకి వచ్చిన కాసిని నీటియందును ఫ్లోరైడు పాలు చూచి నిట్టూర్చుట ఈ పశ్చిమ ప్రకాశమున ఏండ్ల తరబడి నడచుచున్న కథ. నీరు లేక కాదు. నీటికి దారి లేక. ఆ దారి కొఱకే 1996లో వెలిగొండ ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగినది. కొండ కడుపున ఒక్కొక్కటి పందొమ్మిది కిలోమీటర్లకు కొంచెము తక్కువ పొడవుగల జంట సొరంగములు తొలువవలసి వచ్చినది. మొదటిది 2021లోను, రెండవది 2024లోను ఆవలి వెలుగు చూచినవి. అయినను సొరంగము పూర్తియైనంతనే చేను తడియదనియు, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల ఆనకట్టల వెనుక జలాశయము నిండవలెననియు, ముంపు గ్రామముల వారికి పునరావాసము కలుగవలెననియు, కాలువలు పొలముల దాక సాగవలెననియు ఇచ్చటి బడిపిల్లవానికి సైతము తెలియును.

క్యాన్సరు చికిత్స నేడు సరిగా ఇట్టి ఘట్టముననే నిలిచియున్నది. ఏ జన్యువు పెచ్చరిల్లుట చేత కణితి పెరుగుచున్నదో కనుగొనుట సాధ్యమైనది. ఆ జన్యువు పలుకకుండ చేయు మందును అక్షరము వెంబడి అక్షరము పేర్చి తయారుచేయుటయు సాధ్యమైనది. ఆ మందును నెత్తుటి ప్రవాహమున విడిచి, మూత్రపిండముల జల్లెడను, కాలేయపు ఆకర్షణమును దాటించి, కణితి కణపు పొరను చొచ్చి, లోపల సరియైన చోట దింపుట మాత్రము ఇంకను పూర్తిగా వశపడలేదు. ఈ మూడవ పనికై శాస్త్రజ్ఞులు చేపట్టిన సాధనములకే నానో వాహనములని పేరు. మందును కనిపెట్టుట కంటె మందును చేర్చుట కష్టతరమగుట వైద్య చరిత్రలో క్రొత్త కాదు గాని, ఆ సత్యము ఇంత స్పష్టముగా కనబడిన సందర్భము వేఱొకటి అరుదు.

తెల్లబడిన పూవు, వణకిన పురుగు

ఈ కథకు నాంది ఆసుపత్రిలో గాక పూలమొక్కలో జరిగినది. 1990లో అమెరికాలో రిచర్డ్ జోర్గెన్‌సన్, ఆయన సహచరులు పెటూనియా పూవుల ఊదారంగును మఱింత చిక్కపఱచ నెంచి, ఆ రంగునకు కారణమైన జన్యువునకు అదనపు ప్రతి నొకదానిని మొక్కలో చేర్చిరి. రంగు చిక్కబడుటకు బదులు కొన్ని పూవులు పూర్తిగా తెల్లగాను, కొన్ని తెల్లని చారలతోను విచ్చినవి. చేర్చిన జన్యువు తాను పలుకకపోవుటయే గాక, మొక్కకు సహజముగా నున్న జన్యువును గూడ పలుకనీయలేదు. కారణమేమో నాడు ఎవ్వరికిని అంతుపట్టలేదు.

ఎనిమిదేండ్లకు, 1998లో, ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అను అమెరికా శాస్త్రజ్ఞులు మిల్లీమీటరు పొడవుగల యొక నేలపురుగుపై ప్రయోగములు చేసి ఆ మర్మమును విప్పిరి. కండరములకు సంబంధించిన యొక జన్యువు పాఠమునకు సరిపోలు రెండు పోగుల ఆర్ఎన్ఏను పురుగు దేహమున ఎక్కించిరి. ఆ జన్యువు పుట్టుకతోనే చెడిన పురుగు ఎట్లు వణకునో ఇదియు అట్లే వణకసాగినది. ఒంటి పోగు ఆర్ఎన్ఏ ఎక్కించినప్పుడు ఆ ఫలితము బహు స్వల్పము. రెండు పోగుల ఆర్ఎన్ఏ కంటబడినంతనే తత్సదృశమైన ఆజ్ఞలను వెదకి నశింపజేయు యంత్రాంగ మొకటి జీవకణములో పుట్టుకతోనే కలదని దీనివలన తేటతెల్లమైనది. ఆ యిరువురికి 2006లో నోబెల్ బహుమానము లభించినది. 2001లో జర్మనీలో థామస్ టుషల్, ఆయన సహచరులు ఇరువది యొక్క అక్షరముల చిన్న తునుకలు మానవ కణములలో గూడ ఈ పని చేయగలవని నిరూపించుటతో పూలమొక్కను, నేలపురుగును దాటి ఈ విద్య వైద్యశాలల వాకిట అడుగుపెట్టినది. శాస్త్రజ్ఞులు ఎస్ఐ ఆర్ఎన్ఏ అని పిలుచు ఆ తునుకను మనము లఘు ఆర్ఎన్ఏ అని వ్యవహరింతము.

అది పనిచేయు తీరు సూక్ష్మమైనను సరళము. కణ కేంద్రకమున భద్రముగా నున్న డీఎన్ఏలోని జన్యువు తన యాజ్ఞను ఆర్ఎన్ఏ ప్రతిగా వెలువరించును. ఆ ప్రతిని చదివి కణము ప్రోటీనును తయారుచేయును. లఘు ఆర్ఎన్ఏ కణములో ప్రవేశించినప్పుడు ఆర్గొనాట్ అను ప్రోటీను దాని రెండు పోగులలో నొకదానిని విడిచిపెట్టి, రెండవదానిని గురుతుగా పట్టుకొని, ఆ గురుతునకు సరిపోలు ఆజ్ఞ ఎదురుపడినప్పుడెల్ల దానిని నడిమికి ఖండించును. ఆజ్ఞ చేరలేదు గనుక ప్రోటీను పుట్టదు. మూలమైన జన్యువునకు చెక్కు చెదరదు. కావున ఈ చికిత్స శాశ్వతమైన మార్పు కాదు, మందు ప్రభావము తీరినంతనే జన్యువు మరల పలుకసాగును, విరివిగా విభజనము పొందు కణితి కణములలో ఆ ప్రభావము మఱింత త్వరగా తీరిపోవును. ఇది దీని లోపమును, దీని మేలును గూడ.

దీనిపై క్యాన్సరు వైద్యులకు ఇంత మక్కువ కలుగుటకు వేఱొక హేతువు కలదు. క్లోమ క్యాన్సర్లలో నూటికి తొంబదికి పైగా కేరాస్ అను జన్యువు చెడియుండును. అనేకుల యందు ఆ చెడుపు పండ్రెండవ స్థానమున ఒకే యొక అక్షరపు మార్పు. ఆ యొక్క అక్షరము చేత ప్రోటీను ‘పెరుగుము’ అను కేకను ఆపుట మఱచిపోవును. ఆ ప్రోటీనుపై మాత్ర రూపమున నుండు సాధారణ ఔషధము పట్టుకొని నిలువదగిన గుంట గోచరింపక దశాబ్దముల పాటు మందుల తయారీదారులు చేతులు ముడుచుకొనిరి. 2021లో గాని దాని రూపభేదములలో నొకదానికి తొలి మాత్ర ఆమోదము పొందలేదు. లఘు ఆర్ఎన్ఏకు ప్రోటీను ఆకారముతో పనియే లేదు. జన్యువు అక్షరములు తెలిసిన చాలును, విరుగుడును కాగితము మీద వ్రాసికొనవచ్చును. శత్రువు పేరు తెలిసినంతనే అస్త్రము చేతికి వచ్చు విద్య ఇది. అయితే చేతికి వచ్చిన అస్త్రము గురి చేరవలెను గదా.

నెత్తుటి బాటలో గండములు

మీటరును నూఱు కోట్ల భాగములు చేయగా అందొక భాగము నానోమీటరు. మనిషి తలవెండ్రుక దళసరి సుమారు ఎనుబది వేల నానోమీటర్లు. లఘు ఆర్ఎన్ఏ పొడవు ఏడు నానోమీటర్లకు మించదు. దానిని సూదితో నేరుగా రక్తములోనికి ఎక్కించినచో కొన్ని నిమిషములలోనే సగము కథ ముగియును: రక్తములోని ఎంజైములు దానిని తునుకలు చేయును, మిగిలినది బహు చిన్నది గావున మూత్రపిండముల వడపోతలో జారిపోవును. వైరసు ప్రవేశించినదని భ్రమించి రోగనిరోధక వ్యవస్థ ఉలికిపడుటయు కలదు. ఇవి యన్నియు దాటి కణితి చెంతకు చేరినను, లఘు ఆర్ఎన్ఏ మేనంతయు ఋణావేశము; కణపు పొర బయటి ముఖమునను అదియే యావేశము; ఒకదాని నొకటి నెట్టుకొనును గాని లోనికి రానీయదు.

అన్నిటి కంటె పెద్ద గండము గుమ్మము దాటిన పిదప నున్నది. కణము బయటి వస్తువులను తన పొరతో చుట్టి, చిన్న సంచిగా లోనికి లాగుకొనును. ఆ సంచి లోలోపలికి పోవుకొలది పులిసి ఆమ్లమయమై, తుదకు అందలి సమస్తమును జీర్ణము చేసికొనును. మందు ఆ సంచిని చీల్చుకొని బయటపడిన నాడే దానికి సార్థకత. 2013లో వెలువడిన యొక పరిశోధనలో, కొవ్వు నానోకణములచే కణము లోనికి చేర్చబడిన లఘు ఆర్ఎన్ఏలో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే ఆ సంచి నుండి తప్పించుకొనగలిగినట్లు తేలినది.

కణితి చెంతకు చేరుట మాత్రము సులభమా? 1986లో జపానులోని కుమామొటోలో యసుహిరో మత్సుమురా, హిరోషి మయేడా ఒక విశేషమును ప్రకటించిరి: ఆతురతతో పెరుగు కణితులలో క్రొత్త రక్తనాళములు అడ్డదిడ్డముగా, సందులతో ఏర్పడుటచే నానో పరిమాణముగల పదార్థములు ఆ సందుల గుండ కణితిలోనికి ఊరి అచ్చటనే నిలిచిపోవును. ఆ యొక్క పరిశీలనమును నమ్ముకొని మూడు దశాబ్దముల పాటు వేలకొలది నానో మందులు రూపొందినవి. ఆ పైని 2016లో టొరొంటో విశ్వవిద్యాలయపు వారెన్ చాన్ బృందము అంతకు ముందు పదేండ్ల జంతు ప్రయోగముల ఫలితములన్నిటిని ఒకచోట పోగుచేసి లెక్కగట్టగా, ఎక్కించిన నానోకణములలో కణితికి చేరినది మధ్యస్థముగా నూటికి 0.7 పాలు! ఈ రెండు లెక్కలును వేర్వేఱు ప్రయోగములవి గనుక గుణించి చెప్పుట కేవలము ఉజ్జాయింపే. అయినను పదివేల పాళ్ల మందు బయలుదేరినచో డెబ్బది పాళ్లు కణితిని చేరి, అందు ఒకటి మాత్రము పని చేయు చోటికి పోగలిగెనని ఊహించినచో పాఠకుడు సత్యమునకు మిక్కిలి దూరముగా నుండడు.

కాలేయము వఱకు వచ్చిన బండి

అట్లని ఈ శాస్త్రము నిష్ఫలమని తలపరాదు. నాలుగు విధముల కొవ్వులను పాళ్లు కుదిర్చి కలిపిన నానోకణము నేటి వాహనములలో ముఖ్యమైనది. అందొక కొవ్వు రక్తములో నున్నంత సేపు తటస్థముగా నుండి, కణములోని ఆమ్లపు సంచి చేరినంతనే ధనావేశమును దాల్చి ఆ సంచి గోడను చెదరగొట్టును. కొలెస్టరాలు, ఫాస్ఫోలిపిడు అను రెండును కట్టుదిట్టము నిచ్చును. నాలుగవదైన, పెగ్ అను పదార్థపు పూత గల కొవ్వు, నానోకణములు ఒకదాని కొకటి అంటుకొనకుండ, శరీరము త్వరగా గుర్తింపకుండ కాపాడును. వీని నడుమ లఘు ఆర్ఎన్ఏ ఒదిగియుండును. మొత్తము వ్యాసము వంద నానోమీటర్లకు అటునిటు.

2018 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన పటిసిరాన్ అను మందు ఈ జాతిలో మొట్టమొదటిది. అది క్యాన్సరు మందు కాదు. నాడులను క్షీణింపజేయు ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధికి సంబంధించినది. ఆ వ్యాధికి కారణమైన ప్రోటీను పుట్టునది కాలేయమున. కొవ్వు కణములు రక్తములోనికి రాగానే అపోఈ అను ప్రోటీను వానిని అంటుకొనును. కొలెస్టరాలును మోయు కణములని కాలేయము భ్రమించి వానిని తనలోనికి పిలుచుకొనును. అనగా విజయమునకు కారణము వాహనము గొప్పతనము కొంత, గమ్యము తానై ఎదురువచ్చి స్వీకరించుట కొంత. తరువాత రెండేండ్లకే కోవిడ్ కాలమున ఇట్టి కొవ్వు కణములే ఎంఆర్ఎన్ఏ టీకాలను కోట్లకొలది జనుల భుజములలోనికి చేర్చినవి. రొమ్మునను, ఊపిరితిత్తులలోను, క్లోమమునను దాగిన కణితి మాత్రము కాలేయము వలె ఎదురేగి స్వాగతము చెప్పదు.

కణితులపై మానవులలో జరిగిన ప్రయత్నములు లేకపోలేదు. కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలోని మార్క్ డేవిస్ చక్కెర వలయములతో కూర్చిన పాలిమరుతో వాహనమును నిర్మించి, కణితులు ఇనుము కొఱకు ఆబగా పట్టుకొను ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీనును దానిపై అతికెను. 2008లో రోగులకు ఎక్కింపబడిన ఆ మందు మెలనోమా కణితులలోనికి చేరినదనియు, లక్ష్యముగా నుంచుకొన్న ఆజ్ఞ సరిగా అనుకొన్న చోటనే ఖండింపబడినదనియు 2010లో ‘నేచర్’ పత్రికలో ప్రకటితమైనది. మనిషి దేహమున జన్యువు నోరు మూయించుట జరిగినదనుటకు అదియే తొలి ప్రత్యక్ష సాక్ష్యము. ఆ పరీక్ష ఇరువది నలుగురు రోగులతో ఆగిపోయినది. 2013లో ప్రకటితమైన వేఱొక పరీక్షలో రెండు జన్యువులను ఒక్కసారి అణచు కొవ్వు కణములను నలువది యొక్క మందికి ఎక్కింపగా, గర్భాశయ క్యాన్సరు కాలేయమునకు ప్రాకిన ఒక రోగి యందు కణితులు పూర్తిగా మాయమైనవి. ఆశకు తావిచ్చుటకు ఆ యొక్కటి చాలును. మందుగా విక్రయించుటకు చాలదు. ఇన్ని యత్నములైన పిదప గూడ కణితిపై నేరుగా ప్రయోగించుటకు ఆమోదము పొందిన లఘు ఆర్ఎన్ఏ ఔషధము ఒక్కటియు లేదు.

భీమవరము నుండి వచ్చిన ఎర

వాహనమునకు కణితిని గుర్తుపట్టు శక్తి నెట్లు కల్పింపవలెను? ఈ ప్రశ్నకు లభించిన సమాధానములలో నొకటి మనలను ఒక తెలుగువాని వాకిటికి తీసికొనిపోవును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనమునకు నాయకత్వము వహించు కాలమున, 1945లో, ఆయన బృందము ఫోలిక్ ఆమ్లము అను విటమినును కృత్రిమముగా తయారుచేసెను. కణము విభజనము పొందుటకు ఆ విటమిను అత్యవసరము. దానిని పోలియుండి దాని పనిని చెఱచు పదార్థములను గూడ ఆ బృందమే సృజించినది. అందొకటియైన అమినాప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇయ్యగా, పదునాఱుగురిలో పదిమందికి తాత్కాలికముగనైనను ఉపశమనము కలిగినదని 1948లో ప్రకటితమైనది. ఆ సంవత్సరముననే సుబ్బారావు కన్నుమూసెను. అమినాప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరు వార్డులలోను, కీళ్లవాతపు చికిత్సలోను వాడుకలో నున్నది.

సుబ్బారావు తరము ఫోలిక్ ఆమ్లపు ఆకలిని కణితికి విషముగా మార్చినది. తరువాతి తరము ఆ యాకలినే ఎరగా మార్చినది. అండాశయ క్యాన్సరు మొదలుగా గల అనేక కణితుల కణములు ఫోలిక్ ఆమ్లమును అధికముగా గ్రహించుటకై తమ పొరపై దానిని పట్టుకొను గ్రాహకములను విస్తారముగా నిలుపుకొనును. ఆరోగ్యవంతమైన కణములలో అనేకములకు ఆ గ్రాహకములు బహు స్వల్పము. 1994లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున రాబర్ట్ లీ, ఫిలిప్ లో అను వారు కొవ్వు బుడగలపై ఫోలిక్ ఆమ్లమును అతికి, కణితి కణములు వానిని ఆహారమని మ్రింగునట్లు చేయగలిగిరి. అది మొదలు కొవ్వు బుడగలకు, బంగారు నానోకణములకు, పాలిమర్లకు ఫోలిక్ ఆమ్లమును ముఖద్వారమున కట్టి పంపుట ప్రపంచ ప్రయోగశాలలలో సాధారణమైనది. భీమవరము బిడ్డ చేతిమీదుగా వెలుగు చూచిన విటమిను నేడు లఘు ఆర్ఎన్ఏ వాహనములకు దారి చూపుచున్న దనుట అతిశయోక్తి కాదు.

తార్నాకలో జరిగిన పని

హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు పునాది 1944లో నిజాము ప్రభుత్వ కాలమున పడినది. దాని పొరుగుననే కణ, అణుజీవశాస్త్ర కేంద్రము కలదు. ఒకచోట రసాయనము, ఒకచోట జీవశాస్త్రము. జన్యు వాహనముల పరిశోధనమునకు ఇంతకంటె అనుకూలమైన స్థలము దేశమున అరుదు. నూనెలు, కొవ్వుల రసాయనమునందు ఆ సంస్థకు గల పరిచయమే ఇందుకు పెట్టుబడియైనది.

2005లో అచ్చటి రాజ్‌కుమార్ బెనర్జీ, కణ కేంద్రమునకు చెందిన ఎన్. మధుసూదనరావు, వారి సహచరులు ఒక చమత్కారమైన ఎరను ప్రకటించిరి. హాలోపెరిడాల్ అనునది మానసిక వ్యాధులకు చిరకాలముగా వాడుచున్న మందు. అది సిగ్మా అను గ్రాహకములను పట్టుకొనును. రొమ్ము క్యాన్సరు కణములపై ఆ గ్రాహకములు విస్తారము. కొవ్వు బుడగలకు హాలోపెరిడాల్‌ను తగిలించి పంపగా, అవి రొమ్ము క్యాన్సరు కణములలోనికి జన్యువును ఎర లేని బుడగల కంటె ఎన్నో రెట్లు అధికముగా చేర్చగలిగినవి. ఆ ప్రయోగము జన్యువును చేర్చుటకు సంబంధించినదే గాని అణచుటకు కాదు. అయినను బండి ఒక్కటియే, బరువు మాత్రము వేఱు.

అణచుటకు సంబంధించిన ప్రయోగమును అదే సంస్థలో అరబింద చౌధురి బృందము 2014లో ప్రకటించినది. వారు ఎంచుకొన్న లక్ష్యము సీడీసీ20 అను జన్యువు: కణము రెండుగా చీలుటకు అది లేనిదే గడవదు, అనేక కణితులలో అది మితిమీరి పలుకుచుండును. వారు కణితి కణములను వెదకుటకు బదులు కణితికి ఆహారమును తెచ్చు రక్తనాళములను వెదకిరి. క్రొత్తగా మొలచు ఆ నాళముల లోగోడపై ఇంటిగ్రిన్ అను గ్రాహకములు నిండుగా నుండును. వానిని పట్టుకొను నాలుగు అమైనో ఆమ్లముల చిన్న పెప్టైడును కొవ్వునకు అతికి, ఆ కొవ్వుతో బుడగను నిర్మించి, అందు సీడీసీ20 నోరు మూయించు లఘు ఆర్ఎన్ఏను నింపి, మెలనోమా సోకిన ఎలుకలకు ఎక్కింపగా కణితుల పెరుగుదల గణనీయముగా తగ్గినది. ఇందలి యుక్తి గమనింపదగినది. రక్తములో ప్రయాణించు వాహనమునకు అందఱి కంటె ముందు ఎదురగునది రక్తనాళపు గోడయే. కణితి గర్భములోనికి చొఱబడవలసిన తుది గండమును తప్పించి, గుమ్మముననే పని ముగించు పథకమిది.

కణములే పంపుకొను పొట్లములు

మనిషి నిర్మించిన వాహనముల వలన చిక్కులు ఇన్ని యుండగా, ప్రకృతి తానై నడపుచున్న రవాణా నేల వాడుకొనరాదని తలచినవారును కలరు. శరీరములోని ప్రతి కణమును నలువది మొదలు నూటయేబది నానోమీటర్ల వఱకు గల అతిసూక్ష్మములైన పొట్లములను నిరంతరము వెలికి పంపుచుండును. ఎక్సోజోములని వానికి పేరు. ప్రోటీనులు, ఆర్ఎన్ఏలు నింపుకొని అవి యొక కణము నుండి మఱియొక కణమునకు పోవుచుండును. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సరు కేంద్రమున రఘు కల్లూరి బృందము 2017లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ప్రయోగమున, ఈ పొట్లములలో కేరాస్ జన్యువు నందలి ఆ యొక్క అక్షరపు మార్పును మాత్రమే గుర్తించు లఘు ఆర్ఎన్ఏను నింపి, క్లోమ క్యాన్సరు సోకిన ఎలుకలకు ఎక్కింపగా వ్యాధి అణగి, ఆయువు పెరిగినది.

పొట్లముల పైభాగమున సీడీ47 అను ప్రోటీను కలదు. ‘నన్ను తినవలదు’ అను సంకేతమును అది రక్తములోని భక్షక కణముల కిచ్చును. అందుచేత కృత్రిమ కొవ్వు బుడగల కంటె ఈ పొట్లములు రక్తములో ఎక్కువ సేపు నిలిచినవి. ఎముకమూలుగ మొదలగు వాని నుండి లభించు మూలకణముల పొట్లములతో క్లోమ క్యాన్సరు రోగులపై మొదటి దశ పరీక్షయు ఆ కేంద్రముననే ఆరంభమైనది. మొదటి దశ యనగా మందు హాని చేయకున్నదా, ఏ మోతాదు తగును అని చూచు దశ. వ్యాధి నయమగునా అను ప్రశ్నకు తుది సమాధానము అందు లభింపదు. పైగా జీవకణముల నుండి ఈ పొట్లములను విస్తారముగా, ప్రతి విడతయు ఒకే తీరున ఉండునట్లు సేకరించుట కొవ్వు బుడగను చేయుట కంటె కష్టమైన పని.

చివరి ఆమడ

భారత వైద్య పరిశోధన మండలి అంచనా ప్రకారము 2022లో మన దేశమున క్రొత్తగా క్యాన్సరు సోకినవారు 14.6 లక్షలు, తొమ్మిది మందిలో నొకరికి జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకు నవకాశము కలదు. పొదిలి, కనిగిరి వేలము కేంద్రములకు పొగాకు తోలు ఈ ప్రాంతమున చుట్టయు, బీడీయు, ఖైనీయు క్రొత్త వస్తువులు కావు. నోటిలో మానని పుండును వేడి చేసినదని, పంటి పోటని నెలలు గడపి, ముక్క పరీక్షకు పోవునప్పటికే వ్యాధి ముదిరియుండుట, ఆ పైని కీమో కొఱకో కరెంటు పెట్టించుకొనుట కొఱకో గుంటూరునకో హైదరాబాదునకో పొలము పని, కూలి పని మానుకొని తిరుగుట ఇచ్చటి కుటుంబములకు తెలిసిన బాధయే. ముప్పది యేండ్లు దాటిన వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ముందస్తు పరీక్ష చేయుట జాతీయ కార్యక్రమమున నున్నది. అది సక్రమముగా జరిగిన ఊరిలో రక్షింపబడు ప్రాణములు, ఏ నానో మందు రక్షించు ప్రాణముల కంటెనైనను చాలకాలము పాటు అధికముగా నుండును.

నానో మందు సిద్ధమైన నాడును అది ఇచ్చటికి చేరునా? పటిసిరాన్ అమెరికాలో విడుదలైనప్పుడు దాని ప్రకటిత వెల ఏడాదికి నాలుగున్నర లక్షల డాలర్లు. ఇట్టి వెలలు శిలాశాసనములు కావని మన హైదరాబాదే ఒకసారి నిరూపించినది. మూత్రపిండము, కాలేయము క్యాన్సర్లకు వాడు సొరాఫెనిబ్ అను మందు నెలకు రెండు లక్షల ఎనుబది వేల రూపాయలకు అమ్ముడు పోవుచుండగా, 2012 మార్చిలో భారత పేటెంట్ అధికారి తప్పనిసరి లైసెన్సును ఇచ్చి, హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ దానిని నెలకు ఎనిమిది వేల ఎనిమిది వందల ఎనుబది రూపాయలకు మించకుండ అమ్మునట్లు ఉత్తరువు చేసెను. దేశమున అట్టి లైసెన్సు అదియే మొదటిది. అయితే రసాయనపు మాత్రను అనుకరించుట వేఱు, నాలుగు కొవ్వుల నానోకణమును అనుకరించుట వేఱు; పాళ్లలో, కలిపెడు వేగములో వెండ్రుకవాసి తేడా వచ్చినను కణము పరిమాణము మాఱును, పరిమాణము మాఱినచో గమ్యము మాఱును. కనుక వెల తగ్గవలెనన్న ఆ తయారీ విద్య ఇచ్చటనే అలవడవలెను. 2022లో కణ, అణుజీవశాస్త్ర కేంద్రపు అనుబంధ సంస్థ స్వదేశీ ఎంఆర్ఎన్ఏ టీకా సాంకేతికతను ప్రకటించుటను ఈ దృష్టితో చూచినచో దాని విలువ ఒక టీకాతో ముగియదు.

‘క్యాన్సరుకు నానో మందు’ అని పత్రికలలో మూడు నెలల కొకసారి వార్త కనబడుచుండును. పాఠకుడు అట్టి వార్తను మూడు ప్రశ్నలతో పరీక్షించుకొనవచ్చును. ఫలితము కనబడినది గాజుపాత్రలోని కణములలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? ఎక్కించిన మందులో కణితికి చేరిన పాలెంత, మిగిలినది ఏ యవయవమున నిలిచినది? మందు నిజమైనచో దానిని ఎవరు, ఎచ్చట, ఏ వెలకు తయారుచేయుదురు? మొదటి ప్రశ్నకు సమాధానము దాదాపు ఎల్లప్పుడును వార్తలోనే దొరకును. రెండవది పరిశోధన పత్రములో దొరకును. మూడవదానికి సమాధానము శాస్త్రజ్ఞుని చేతిలో లేదు.

ఆ మూడవ ప్రశ్ననే మన ప్రభుత్వములను అడుగవలసియున్నది. ఎలుకలో కణితిని అణచిన వాహనము తార్నాకలో నున్నది. 1955లో స్థాపితమైన ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఎం.ఎన్.జె. ఆ నగరముననే, కొన్ని మైళ్ల దూరమున, ఈ ప్రాంతపు రోగులతో సహా బీదసాదలతో నిత్యము క్రిక్కిరిసి యున్నది. క్యాన్సరు మందును సామాన్యునికి అందు వెలకు చేసి చూపిన కర్మాగారములును ఆ నగరముననే యున్నవి. ఎలుక నుండి మనిషికి రావలెనన్న శుద్ధమైన తయారీ, విషప్రభావ పరీక్షలు, ఏండ్ల తరబడి సాగు రోగుల పరీక్షలు కావలెను. అందుకు కావలసిన ధనము ఏ యొక్క ప్రయోగశాల చేతిలోను ఉండదు. ప్రజాధనముతో నడచు పరిశోధనమును, ప్రజాధనముతో నడచు ఆసుపత్రిని, మన కర్మాగారమును కలుపు బాధ్యతను ప్రభుత్వము తలకెత్తుకొననిచో, ఈ నేలపై పుట్టిన విద్యయే వేఱొకచోట మందై, పెద్దారవీడు రోగి కొనలేని వెలకు మరల మన వాకిటికి వచ్చును.